గల్ఫు ఎండయు మనవారును



మన అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో గల్ఫు సొమ్ముతో సాగు కుటుంబములు అనేకములు. మీలో కొందఱి తల్లులు కువైటు, ఒమాను గృహములలో ఇంటిపని చేయుచున్నారు. తండ్రులును అన్నలును కట్టడపు పనులలో నున్నారు. కావున ఈ పాఠమును పరీక్షకొఱకుఁ గాక వారి ప్రాణరక్షణకొఱకుఁ జదువుఁడు.

"కోనసీమ యెండలలోఁ బెరిగిన మమ్ము అక్కడి యెండ యేమి చేయును?" అని ప్రయాణమగువారు పలుకుదురు. ఇది పొరపాటు. చెమట కాఱుటవలనఁ గాదు, ఆఱుటవలననే దేహము చల్లబడును. రోహిణికార్తెలో ఉక్కపోసినపుడు తడిసిన చొక్కా ఆఱదు గదా! గల్ఫు తీరమున వేసవియందు ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. కొన్ని దినములు గాలిలోఁ దేమయు మిక్కుటము. బరువుపని చేయువాని దేహములోఁ బుట్టిన వేడి వెలుపలికిఁ బోలేక నిలిచిపోవును. దానివలననే వడదెబ్బ కలుగును.

క్రొత్త వేడిమికి దేహము అలవడుటకు 7 మొదలు 14 దినములు పట్టును. కావున మొదటి దినములే మిక్కిలి అపాయకరములు. సెలవుపై వచ్చి మరలఁ బోయినవారికిని ఇదియే నియమము. పనిని క్రమముగాఁ బెంచుకొనవలెను. దప్పిక కాకమునుపే నీరు త్రాగవలెను. చాలినంత నీరు లేక యేండ్ల తరబడి ఎండలో శ్రమించినచో మూత్రపిండములు చెడుట కలదు.

తల తిరుగుట, వాంతియగుట తొలి గుర్తులు. మాట తడబడినను, మతి తప్పినను ప్రాణాపాయమని యెఱుఁగుఁడు. వెంటనే నీడకుఁ జేర్చి, ఒంటిపై నీరు పోసి, గాలి విసరుచు వైద్యసహాయము పిలువవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

కువైటులో జూన్ 1 మొదలు ఆగస్టు 31 వఱకు పగలు 11 నుండి 4 గంటల వఱకును, ఖతారులో 2021 నుండి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వఱకు ఉదయము 10 నుండి మధ్యాహ్నము 3-30 వఱకును ఎండలోఁ బని చేయించుట నిషిద్ధము. ఇంటిలో వంటపొయ్యియొద్ద నిలుచు తల్లులకు ఈ నియమము రక్షణ కాదు. అయినను కువైటులో 2015 నాటి 68వ చట్టము, ఇంటిపనివారిచే దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొక దినము సెలవీయవలెననియు విధించుచున్నది. ఈ సంగతి మీ యింటివారికిఁ జదివి చెప్పుఁడు.

అమ్మ ఫోనులో "బాగున్నాను నాయనా" అన్నపుడు, సొమ్ము మాటకు ముందు "నేఁడు నీరు చాలినంత త్రాగితివా అమ్మా? ఎన్ని గంటలు నిదురించితివి?" అని యడుగుఁడు. మనకొఱకు ఎండనోర్చు దేహము దేవుఁడిచ్చిన నిక్షేపము. దానిని కాపాడుట సొమ్ము పంపువారికే కాదు, అందుకొనువారికిని విధి.