ఆల్పినా అసలుదేనా? సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత జర్మన్ ట్యూనింగ్ కార్ల మీదే. అందులోనూ బీఎండబ్ల్యూ కార్లను ట్యూన్ చేసే ఆల్పినా గురించి అడిగినవాళ్లే ఎక్కువ. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మ్యూనిక్ దగ్గర ఒకాయన షెడ్డులో 1980 నాటి బీఎండబ్ల్యూ 5 సిరీస్ అమ్మకానికి ఉంది. ‘ఆల్పినా బీ7 టర్బో’ అంటున్నాడు. చారలున్నాయి, ఆల్పినా చక్రాలున్నాయి, డ్యాష్‌బోర్డు మీద నంబరు ప్లేటు కూడా ఉంది. వేరేవాళ్లు కొనేస్తారేమోనని కంగారుగా ఉంది. అడ్వాన్సు ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

ఇవ్వకండి. మీరు చెప్పిన మూడూ డబ్బు పెడితే దొరికే వస్తువులే. ముందు కాగితాలు, తర్వాతే కారు.

ఈ12 అనే ఆ కాలపు 5 సిరీస్ బాడీతో వచ్చిన బీ7 టర్బోలు 1978 నుంచి తయారైనవి మొత్తం 149. ఆ తర్వాత 330 హార్స్‌పవర్‌తో వచ్చిన బీ7 ఎస్ టర్బో 60 మాత్రమే. ఇంత అరుదైన కారు కాబట్టే నకళ్లు పుట్టాయి. అయితే నకళ్లన్నీ మోసం కోసం చేసినవని అనుకోకండి. ఆల్పినా సంస్థ పూర్తి కార్లతోపాటు విడి భాగాలూ అమ్మేది. 1979లో ఎవరైనా మామూలు 5 సిరీస్ కొనుక్కుని, చక్రాలు, స్టీరింగ్, స్పాయిలర్, సీట్లు తెప్పించి బిగించుకోవచ్చు. అలా బిగించిన కారు ఈరోజు చూడటానికి అచ్చం ఆల్పినాలాగే ఉంటుంది. కాబట్టి ఒకే రూపంలో మూడు రకాలు కనిపిస్తాయి: బూక్లో ఊళ్లోని ఆల్పినా వర్క్‌షాపు నుంచి పూర్తి కారుగా వచ్చినది, కొత్తలోనే ఆల్పినా సామాను తగిలించుకున్నది, ఈ ఇరవై ముప్పై ఏళ్లలో ఎవరో కూర్చినది. రెండోదానికి గౌరవం ఉంది. మూడోదానికి, సంగతి దాచకుండా చెప్పి అమ్మితే, తగిన ధర ఉంటుంది. మొదటిదాని ధరకు మిగతా రెంటినీ కొనడమే నష్టం.

ఇక తేల్చుకునే పద్ధతి. జర్మనీలో కారుకు ఫార్‌త్సోయిగ్‌బ్రీఫ్ అనే యాజమాన్య పత్రం ఉండేది. 2005 అక్టోబరులో దాని స్థానంలో కొత్త పత్రం వచ్చింది. కొత్తదాంట్లో ఇద్దరు యజమానుల పేర్లకే చోటుంది కాబట్టి దాన్నిబట్టి పాత చరిత్ర తెలియదు. పాత బ్రీఫ్‌ను రద్దు చేశాక, అడిగిన యజమానికి తిరిగి ఇచ్చేవాళ్లు. మీ అమ్మకందారును ఆ రద్దయిన పత్రం చూపించమనండి. అందులో ఇంజిన్ శక్తి గడి చూడండి. బీ7 టర్బో 300 హార్స్‌పవర్, అంటే 221 కిలోవాట్లు. మామూలు 528ఐ అయితే 184 హార్స్‌పవర్, 135 కిలోవాట్లు. మొదటి రిజిస్ట్రేషన్ నాడే 221 అని ఉంటే మంచి సూచన. మొదట 135 అని ఉండి, ఏ 1995 తేదీతోనో ముద్ర వేసి మార్చి ఉంటే, అది తర్వాత మార్చిన కారని ఆ పత్రమే చెబుతున్నట్టు.

రెండో మెట్టు బీఎండబ్ల్యూ గ్రూప్ క్లాసిక్. మ్యూనిక్‌లోనే ఉంది, మీకు మరీ సులువు. చాసిస్ నంబరు, యాజమాన్యపు రుజువు ఇస్తే కారు ఏ మోడల్‌గా, ఏ తేదీన తయారైంది, ఏ రంగులో, ఏ డీలరుకు వెళ్లింది అని పత్రం ఇస్తారు. 518 లేదా 520 అని వస్తే ఇక ఆ షెడ్డు వైపు వెళ్లకండి. మూడో మెట్టు ఆల్పినా రికార్డు. డ్యాష్‌బోర్డు ప్లేటు మీది నంబరు, చాసిస్ నంబరు ఒకే కారువని అక్కడ తేలాలి. ప్లేటు ఒక్కటే సాక్ష్యం కాదు, రెండు నంబర్ల జత సాక్ష్యం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆల్పినాకు సొంతంగా వాహన తయారీదారు గుర్తింపు వచ్చింది 1983లో. ఆ తర్వాతి కాలపు కార్లలో బీఎండబ్ల్యూ నంబరు కొట్టేసి, ‘డబ్ల్యూఏపీ’తో మొదలయ్యే ఆల్పినా నంబరు పొడిచి ఉంటుంది. మీ కారు 1980ది. దాని మీద బీఎండబ్ల్యూ నంబరే ఉండటం సహజం, అందుకు అనుమానపడక్కర్లేదు.

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. మన దగ్గర మార్పులు చేసిన కారంటే రీసేల్ పడిపోతుంది. జర్మన్ ట్యూనింగ్ కార్లకు మాత్రం అసలు మోడల్ కన్నా ఎక్కువ ధర ఎందుకు?
– ఒక విద్యార్థి, విజయవాడ

మార్పు ఎవరు చేశారు, ఎంత బాధ్యతతో చేశారు అన్నదాన్నిబట్టి. ఆల్పినా స్థాపకుడు బుర్కార్డ్ బోవెన్‌సీపెన్ 1960ల మొదట్లో బీఎండబ్ల్యూ 1500 కారుకు జంట వెబర్ కార్బురేటర్ల అమరిక తయారుచేశాడు. ఆయన ఇంట్లో అప్పటికి ఆల్పినా పేరుతో ఉన్నది టైప్‌రైటర్ల వ్యాపారం. ఆ అమరిక ఎంత పకడ్బందీగా ఉందంటే, అది బిగించుకున్నా తమ వారంటీ చెల్లుతుందని 1964లో బీఎండబ్ల్యూ ఒప్పుకుంది. కారు తయారుచేసిన కంపెనీయే బయటివాడి పనికి పూచీపడటం చిన్న విషయం కాదు. 1965లో కౌఫ్‌బోయిరెన్‌లో సంస్థ పెట్టారు, 1970లో బూక్లోకు మార్చారు. అదే ఏడాది స్పా 24 గంటల రేసులో ఆల్పినా తయారుచేసిన 2800 సీఎస్ గెలిచింది.

1978లో బీ6 2.8, బీ7 టర్బో, బీ7 టర్బో కూపే వచ్చాయి. బీ6 మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. చిన్న 3 సిరీస్ బాడీలో పెద్ద 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టి 200 హార్స్‌పవర్ రాబట్టారు. ఆ బాడీలో ఆ పెద్ద ఇంజిన్‌ను బీఎండబ్ల్యూ ఎన్నడూ అమ్మలేదు. ఇంజిన్ పెరిగితే బ్రేకులు, సస్పెన్షన్, డిఫరెన్షియల్ కూడా దానికి తగ్గట్టు మారాలి. అవన్నీ ఒక్కచోట, ఒకే లెక్కలో జరిగాయి కాబట్టే దానికి విలువ. మెర్సిడెస్‌కు ఏఎంజీ, పోర్షాకు రూఫ్ చేసిన పనికీ ఇదే మాట వర్తిస్తుంది.

ప్రశ్న: చాలా ఏళ్లు కదలని బీ7 టర్బో కొన్నాను. కాగితాలన్నీ సరిపోయాయి. పాత ఇంజెక్షన్, ఇగ్నిషన్ తీసేసి కొత్త ఎలక్ట్రానిక్ ఈసీయూ పెట్టించుకోమని మెకానిక్ సలహా. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, స్టుట్‌గార్ట్

ముందు ఒక్క పని చేయకండి: తాళం తిప్పి స్టార్ట్ చేయకండి. ట్యాంకులో పాత పెట్రోలు పూర్తిగా తీయించండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, సిలిండర్లలోకి కాస్త నూనె వదిలి, ఒకట్రెండు రోజులు ఆగి, క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడండి. స్వేచ్ఛగా తిరిగితే వాల్వ్ కవర్ విప్పండి. కామ్‌షాఫ్ట్ మీదుగా సన్నటి ఆయిల్ గొట్టం వెళుతుంది, దాన్ని బోలు బోల్టు పట్టి ఉంచుతుంది. ఎం30 కుటుంబపు ఈ ఇంజిన్లకు ఉన్న పాత జబ్బు ఆ బోల్టు వదులవడమే. అది వదులైతే ఆయిల్ అక్కడే కారిపోయి కామ్ లోబ్‌లకు అందదు, అవి అరిగిపోతాయి. వేలితో కదిపి చూడండి, లోబ్‌ల మీద గీతలున్నాయేమో టార్చి వేసి చూడండి. పది నిమిషాల పని, కానీ మొత్తం హెడ్‌ను కాపాడుతుంది. వేడెక్కితే పగిలే గుణం కూడా ఈ హెడ్‌లకు ఉంది కాబట్టి విప్పినప్పుడు ప్రెజర్ టెస్టు చేయించండి.

టర్బోకు ఆయిల్ తెచ్చే పైపు లోపల నల్లటి బొగ్గు పేరుకుని ఉంటుంది. కడిగితే సరిపోదు, కొత్తది వేయించండి. కారు నడవడం మొదలయ్యాక, హైవే మీద గట్టిగా తోలి వచ్చినప్పుడల్లా ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఆ టర్బో బేరింగ్‌ను చల్లబరిచేది ఆయిలే.

ఇక మీ మెకానిక్ సలహా. ఆయన దురుద్దేశంతో చెప్పలేదు. ఈ కారులోని పియర్‌బుర్గ్ డీఎల్ ఇంజెక్షన్, హార్టిగ్ ఇగ్నిషన్ తెలిసినవాళ్లు జర్మనీలోనే కొద్దిమంది. ఆయనకు తెలిసిన దారి ఆయన చూపించాడు. నేను మాత్రం వద్దనే అంటాను. 3 లీటర్ల ఇంజిన్‌లో కంప్రెషన్‌ను 7:1కి దించి, కేకేకే టర్బో తగిలించి, ముందు సీట్ల మధ్య ఒక నాబ్ పెట్టి, బూస్ట్ ఎంత కావాలో డ్రైవరే తిప్పుకునేలా చేశారు. ఈ కారును బీ7 టర్బో చేసింది ఆ ఇంజెక్షన్, ఆ ఇగ్నిషన్, ఆ నాబ్ కలిసి పనిచేసే తీరే. వాటిని తీసేస్తే మిగిలేది వేగంగా పోయే పాత 5 సిరీస్. ఆ పని తెలిసిన మనిషి దొరికేదాకా కారు ఆగినా ఫర్వాలేదు. తప్పనిసరై మార్చాల్సి వస్తే, వైరింగ్ కత్తిరించకుండా, కొత్త రంధ్రాలు వేయకుండా మార్చండి. విప్పిన ప్రతి ముక్కా డబ్బాలో పెట్టి, చీటీ రాసి దాచండి.

పెట్రోలు విషయం: జర్మనీలో 2011 నుంచి ఇథనాల్ ఎక్కువ కలిసిన ఈ10 అమ్ముతున్నారు. దాని జోలికి వెళ్లకండి, 98 ఆక్టేన్ సూపర్ ప్లస్ వాడండి. అయినా పాత రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవాటితో మార్చండి. వేడి టర్బో పక్కనే పెట్రోలు గొట్టం చిట్లితే కారంతా కాలిపోతుంది.

ప్రశ్న: నా కారుకు ఇప్పుడు ఎర్ర రంగు ఉంది. అసలు రంగు ఏదో ఎలా తెలుస్తుంది? మొత్తం గీకించి కొత్తగా వేయించాలా?
– ఒక పాఠకుడు, ఫ్రాంక్‌ఫర్ట్

గీకించే ముందు వెతకండి. డిక్కీలో కార్పెట్ కింద, డ్యాష్‌బోర్డు వెనుక, తలుపు కీళ్ల మూలల్లో, వెనుక సీటు అడుగున అసలు రంగు ఉండిపోతుంది. రీస్ప్రే చేసేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు. పెయింట్ మందం కొలిచే మీటరుతో బాడీ అంతా కొలవండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 – 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే మళ్లీ వేశారని, వేలల్లోకి వెళితే కింద పుట్టీ ఉందని అర్థం. ఈ12లో ముందు సస్పెన్షన్ టవర్లు, సిల్స్, జాకీ పెట్టే చోట్లు, స్పేర్ టైరు గుంట ముందుగా తుప్పు పడతాయి. అక్కడ పుట్టీ ఉంటే ఉపేక్షించకండి, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి.

గీకేటప్పుడు బయటపడే ప్రతి పొరనూ ఫొటో తీయండి. తలుపు పక్కన ఎర్ర రంగు కింద బంగారు చార అంచు లీలగా కనిపించిందనుకోండి, ఆ చార ఎప్పటిదో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఇసుకతో కొట్టించాక అది ఎవరికీ దొరకదు. లోపల నీలం, ఆకుపచ్చ గీతల సీటు గుడ్డ ఉండి, కాస్త చిరిగినా, దాన్ని కుట్టించుకోండి, మార్చకండి.

ప్రశ్న: ట్యూనింగ్ చేసిన కారుకు హెచ్ ప్లేటు ఇస్తారా?
– ఒక పాఠకురాలు, బెర్లిన్

ఇస్తారు. చారిత్రక కార్లకు ఇచ్చే ఈ ప్లేటు కోసం కారుకు 30 ఏళ్లు నిండాలి, మంచి స్థితిలో ఉండాలి, మార్పులు ఆ కాలానివి అయి ఉండాలి. మొదటి రిజిస్ట్రేషన్ తర్వాత పదేళ్లలోపు చేసిన మార్పులని రుజువు చూపితే పరీక్షకుడికి అభ్యంతరం ఉండదు. పాత బిల్లులు, వాహన తనిఖీ సంస్థ ట్యూఫ్ నమోదు కాగితాలు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అన్నయ్య జర్మనీలో ఉంటాడు. అక్కడ 1981 ఆల్పినా కొని హైదరాబాద్ తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

ఇప్పుడు కుదరదు. 50 ఏళ్లు దాటిన వింటేజ్ కార్లను తెప్పించుకోవడానికి 2025లో వీలు కల్పించారు. అంతకుముందు 1950కి పూర్వపు కార్లకే ఆ సౌకర్యం ఉండేది. 1981 కారు ఆ లెక్కలోకి రాదు. సెకండ్‌హ్యాండ్ కార్ల మామూలు నిబంధన ప్రకారం మూడేళ్లు దాటినవి తెప్పించుకోకూడదు. ‘ఎలాగోలా చేయిస్తాం’ అనే ఏజెంటు మాట నమ్మితే కారు పోర్టులో ఆగిపోతుంది. మీ అన్నయ్యగారు అక్కడే కొని, అక్కడే ఉంచి, మీరు వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి నడుపుకోండి. ఇంకో మాట: 2021లో మన దేశంలో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చిన కార్లను ఒప్పుకోవు. మీకు వేళ వచ్చేసరికి, ఈ కారు పుట్టుకతోనే ఇలా ఉందని చూపే కాగితం అవసరపడుతుంది. ఇప్పటినుంచే జాగ్రత్త చేసుకోండి.

ప్రశ్న: నా కారు పాత యజమానుల వివరాలు ఎలా సేకరించాలి? కాగితాలు చాలావరకు పోయాయి.
– ఒక పాఠకుడు, హాంబుర్గ్

కారులోనే వెతకడం మొదలుపెట్టండి. సీట్ల కింద, గ్లవ్ బాక్సు వెనుక, స్పేర్ టైరు గుంటలో పాత పెట్రోలు రసీదులు, సర్వీసు చీటీలు దొరుకుతుంటాయి. సర్వీసు పుస్తకంలో డీలరు ముద్ర ఉంటే ఆ డీలరు ఇంకా ఉన్నాడేమో విచారించండి. జర్మనీలో రిజిస్ట్రేషన్ ఆఫీసు పాత యజమానుల పేర్లు ఊరికే ఇవ్వదు, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలున్నాయి. పేరు తెలిసిన యజమానికి మర్యాదగా ఉత్తరం రాయండి. ఫోన్ చేసి తొందరపెట్టకండి. డబ్బు మాట కాకుండా, పాత ఫొటో ఏదైనా ఉందా అని అడగండి. వయసు మళ్లినవాళ్లు తమ పాత కారు ఇంకా బతికుందని తెలిస్తే సంతోషంగా చెబుతారు.

ఆనాటి పత్రికల్లోని రోడ్ టెస్టులు కూడా తిరగేయండి. ఫొటోలో కారు నంబరు ‘ఓఏఎల్’ అని మొదలైతే, అది బూక్లో ఉన్న ఒస్టాల్‌గాయ్ జిల్లా నంబరు, అంటే సంస్థ సొంత కారు అయ్యే అవకాశం ఉంది. ఆ ఒక్క ఆధారంతో తీర్మానం చేయకండి. అద్దం మీద స్టిక్కరు, చార పొడవు, సన్‌రూఫ్ ఉందా లేదా అన్నవి మీ కారుతో ఒక్కొక్కటిగా పోల్చండి.

బుర్కార్డ్ బోవెన్‌సీపెన్ 2023లో చనిపోయారు. ఆల్పినా పేరు బీఎండబ్ల్యూకు వెళుతుందని 2022లోనే ప్రకటించారు. ఆ వర్క్‌షాపులో 1970ల్లో పనిచేసినవాళ్లు వృద్ధులయ్యారు. వాళ్లకు గుర్తున్నవి ఇప్పుడే అడిగి రాసుకోవాలి. జర్మనీలో ఉన్న మన పాఠకులందరికీ నా విన్నపం ఒక్కటే: మీ చేతిలో ఉన్న పాత బిల్లు, రద్దయిన బ్రీఫ్, విరిగిన బ్యాడ్జి ఏదీ పారేయకండి. కారు అమ్మే రోజున వాటన్నిటినీ ఒక ఫైలులో పెట్టి, తాళాలతోపాటు కొత్త యజమానికి అప్పజెప్పండి.