ఇంజిన్ దించే ముందు

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

శ్రీకర్,

నీ 1994 సివిక్ హ్యాచ్‌బ్యాక్‌లో ఇంటెగ్రా ఇంజిన్ పెట్టాలనుకుంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నన్ను వద్దని చెప్పమంది. నేను వద్దనను. ఆ బండికి ఆ ఇంజిన్ చక్కగా కూర్చుంటుంది. రెండూ హోండావే, ఒకే కాలానివి, ఈ రాష్ట్రంలో కుర్రాళ్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే. కానీ ఒక మాట గట్టిగా చెబుతాను. కావలసిన ప్రతి వస్తువూ, ప్రతి కాగితమూ చేతికి వచ్చేదాకా, నడుస్తున్న బండి మీద ఒక్క బోల్టు కూడా విప్పకు. ఈ ఉత్తరమంతా ఆ మాటకు వివరణే.

పాత సివిక్‌ల అమ్మకపు ప్రకటనలు ఓసారి తిరగెయ్యి. "ఇంజిన్ లేదు", "స్వాప్ సగంలో ఉంది", "భాగాలన్నీ డిక్కీలో ఉన్నాయి" అని రాసినవి ఎన్నో కనిపిస్తాయి. అవన్నీ ఒకప్పుడు రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చిన బండ్లే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఇంకా బాగా పరుగెత్తాలని మొదలుపెట్టిన పని ఆ బండిని కదలకుండా చేసింది. కారణం చాలాసార్లు చేతకానితనం కాదు. ఇంజిన్ దించాక ఒక్క బ్రాకెట్ దొరకదు, దాని కోసం నెల గడుస్తుంది, ఈలోగా డబ్బు అయిపోతుంది, ఆ తర్వాత ఉత్సాహం కూడా అయిపోతుంది.

ముందుగా, నీకు ఏం కావాలో తేల్చుకో. నీ బండిలో ఉన్నది డి15బి7, 1493 సీసీ, 102 హార్స్‌పవర్. అందరి నోటా వినిపించేది ఇంటెగ్రా జీఎస్-ఆర్‌లోని బి18సి1, 170 హార్స్‌పవర్. దాని పక్కనే మామూలు ఇంటెగ్రా ఎల్ఎస్‌లో వచ్చిన బి18బి1 ఉంది, 142 హార్స్‌పవర్. అంకెలు చూడగానే మనసు 170 వైపు పోతుంది. టార్క్ కూడా చూడు. జీఎస్-ఆర్‌ది 128 పౌండ్-అడుగులు, ఎల్ఎస్‌ది 127. తేడా ఒక్కటే. పైగా ఎల్ఎస్ ఇంజిన్ ఆ టార్క్‌ను 5200 ఆర్‌పీఎం దగ్గరే ఇస్తుంది, జీఎస్-ఆర్‌ను 6200 దాకా లాగాలి. ఆ 170 హార్స్‌పవర్ కనబడేది 7600 దగ్గర. పొద్దున్నే 880 ఫ్రీవే మీద బారులు తీరిన బండ్ల మధ్య నువ్వు ఆ స్పీడుకు ఇంజిన్‌ను ఎన్నిసార్లు తిప్పుతావు? జీఎస్-ఆర్ కంప్రెషన్ 10:1, దానికి ప్రీమియం పెట్రోలు పోయాలి. ఎల్ఎస్‌ది 9.2:1, మామూలు పెట్రోలుతో నడుస్తుంది. శని, ఆదివారాల్లో ట్రాక్‌కు వెళ్లే ఆలోచన ఉంటే జీఎస్-ఆర్ తీసుకో, కాదనను. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి నా ఓటు ఎల్ఎస్‌కే.

రెండోది చట్టం. ఇక్కడ ఇంజిన్ మార్చడం నేరం కాదు, దానికి ఒక పద్ధతి ఉంది. కొత్తగా పెట్టే ఇంజిన్ బండి మోడల్ సంవత్సరానిదే కావాలి, లేదా తర్వాతిది కావాలి. పాతది పనికిరాదు. పొగ నియమాల్లో నీ బండికన్నా తక్కువ స్థాయిది కాకూడదు. ఆ ఇంజిన్‌తో పాటు దాని సొంత బండిలో ఉన్న కాలుష్య నియంత్రణ సామాన్లన్నీ రావాలి: కంప్యూటర్, ఆక్సిజన్ సెన్సర్, పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు కెనిస్టర్, కెటలిటిక్ కన్వర్టర్, అన్నీ. పని పూర్తయ్యాక బండిని బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వారి రిఫరీకి చూపించాలి. ఆ కేంద్రాలు చాలావరకు కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటాయి. రిఫరీ పరీక్షించి తృప్తి పడితే బండికి ఒక లేబుల్ అంటిస్తారు. ఆ తర్వాత రెండేళ్లకోసారి మామూలు స్మాగ్ సెంటర్‌లోనే పని అయిపోతుంది. నీది 2000కు ముందు బండి కాబట్టి, మన ప్రాంతంలో దాన్ని రోలర్ల మీద నడిపించి సైలెన్సర్ గొట్టం దగ్గరే పొగ కొలుస్తారు. అక్కడ మాటలతో గట్టెక్కలేవు.

ఈ నియమం నీ ఎంపికను దాదాపు తేల్చేస్తుంది. 1992, 93 ఇంజిన్లు ఎంత చవగ్గా దొరికినా వదిలెయ్యి. 1996, ఆ తర్వాతవి తీసుకుంటే ఇంజిన్ లోపాలను తానే పసిగట్టే ఓబీడీ-2 వ్యవస్థ మొత్తం, అదనపు సెన్సర్లతో సహా, నీ బండిలోకి దించాలి. నీ సివిక్ వైరింగ్ దానికి ముందుతరం ఓబీడీ-1. అందుకని 1994 లేదా 95 ఇంటెగ్రా ఇంజిన్ వెతుకు. చట్టానికీ సరిపోతుంది, వైరింగ్‌కూ సరిపోతుంది. జపాన్ నుంచి దిగుమతైన ఇంజిన్ తక్కువ మైళ్లు తిరిగిందని చూపిస్తారు. దాంతో రిఫరీ దగ్గరకు వెళితే, అది అమెరికాలో ధృవీకరణ పొందిన ఇంజిన్‌కు సమానమని రుజువులు నువ్వే చూపాలి. ఆ తలనొప్పి నీకెందుకు?

వీలైతే ఇంజిన్ ఒక్కటే కొనకు. వెనక నుంచి గుద్దించుకుని రోడ్డు మీదకు రాలేని ఇంటెగ్రాను మొత్తంగా కొను. అలా కొంటే నువ్వు మరచిపోయే వస్తువు ఉండదు. గేర్‌బాక్స్, గేరు లింకేజి, మౌంట్ బ్రాకెట్లు, ఇంటర్మీడియట్ షాఫ్టుతో సహా డ్రైవ్ షాఫ్టులు, కంప్యూటర్, వైరింగ్, ఏసీ బ్రాకెట్, ఎగ్జాస్ట్ అన్నీ ఒకచోటే ఉంటాయి. విడివిడిగా కొనాల్సి వస్తే గేర్‌బాక్స్ దగ్గర జాగ్రత్త. నీ సివిక్ క్లచ్ హైడ్రాలిక్. 1994 నుంచి ఇంటెగ్రా గేర్‌బాక్స్ కూడా హైడ్రాలిక్కే. 1990 నుంచి 93 దాకా వచ్చినవి కేబుల్ క్లచ్‌వి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ధర తక్కువని తెచ్చుకుంటే తర్వాత ఏడవాలి. ఎల్ఎస్ ఇంజిన్‌కు వాల్వుల కదలికను మార్చే వీటెక్ లేదు కాబట్టి దాని సోలినాయిడ్‌కూ ప్రెషర్ స్విచ్‌కూ వైర్లు లాగే పని తప్పుతుంది. జీఎస్-ఆర్ అయితే అవీ, నాక్ సెన్సర్ వైరూ, ఇన్‌టేక్‌లోని రెండో దారి తలుపుల వైరూ లాగాలి.

డబ్బు ఇచ్చేముందు ఇంజిన్ నంబరు చూడు. బ్లాక్ మీద చెక్కి ఉంటుంది. గీసినట్టో అరగదీసినట్టో కనిపిస్తే మాట్లాడకుండా వచ్చెయ్యి. తొంభైల నాటి హోండాలు ఈ దేశంలో దొంగలకు ఏళ్ల తరబడి ఇష్టమైన బండ్లు, వాటి ఇంజిన్లు చేతులు మారి అమ్మకానికి వస్తాయి. అమ్మినవాళ్ల సంతకంతో బిల్లు లేకుండా ఏదీ కొనకు. తర్వాత నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చెయ్యి. ఒక్కటైనా 135 పీఎస్ఐ కిందకు దిగినా, ఎక్కువదానికీ తక్కువదానికీ మధ్య తేడా 28 దాటినా ఆ ఇంజిన్ మనకొద్దు.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ వెనక సీలు, క్లచ్ అన్నీ కొత్తవి వేయించు. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. పాత బెల్టు ఎన్నాళ్లదో అమ్మినవాడికే తెలియదు. బండిలో పెట్టాక ఇవే పనులు చెయ్యాలంటే మోచేతులు దోక్కుపోతాయి, కూలీ రెట్టింపవుతుంది.

బ్రేకుల సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో ఎక్కువమంది చివరికి వదిలేసేది అదే. నీ డీఎక్స్ మోడల్ బండికి ముందు 240 మిల్లీమీటర్ల డిస్కులు, వెనక డ్రమ్ములు. హోండా వాళ్లు 102 హార్స్‌పవర్ బండికి ఇచ్చిన బ్రేకులు అవి. ఇంటెగ్రాకు ముందు 262 మిల్లీమీటర్లవి, వెనక కూడా డిస్కులే. మొత్తం బండి కొంటే అవీ నీ చేతిలోనే ఉంటాయి కాబట్టి, మాస్టర్ సిలిండర్, ప్రపోర్షనింగ్ వాల్వుతో సహా మార్చు. ఇంజిన్ వేసిన రోజే బ్రేకులూ వెయ్యి. "తర్వాత చూద్దాం" అన్న మాట ఇక్కడ చెల్లదు. ముందు బండిలో ఎవరి పిల్లలు కూర్చుని ఉంటారో మనకు తెలియదు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఇంజిన్ మార్చిన సంగతి రాతపూర్వకంగా తెలియజెయ్యి. దాచిపెట్టి కట్టిన ప్రీమియం అవసరమైన రోజున అక్కరకు రాదు.

ఇక పని జాగా. నీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఈ పని చెయ్యనివ్వరు, చెయ్యకూడదు కూడా. మా గరాజ్ వాడుకో. ఇంజిన్ హాయిస్టు అద్దెకు తెద్దాం. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకు ఎంత తొందరైనా దూరకు, స్టాండులు వేశాకే. ఏసీ గ్యాస్‌ను గాల్లోకి వదలడం చట్టవిరుద్ధం, లైసెన్సు ఉన్న షాపులో ముందే తీయించు. బెజవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ విప్పిన ప్రతి నట్టునూ వరసగా డబ్బాల్లో పెట్టించేవారు. నువ్వు డబ్బాల మీద పేర్లు కూడా రాయి, ప్రతి కనెక్టర్‌నూ ఊడదీసే ముందు ఫొటో తియ్యి. పాత ఇంజిన్‌ను వెంటనే అమ్మెయ్యకు. కొత్తది రిఫరీ దగ్గర నెగ్గేదాకా అది మూలన ఉండనీ.

డబ్బు లెక్క ఇలా వెయ్యి. కొనాల్సినవన్నీ రాసి కూడు, ఆ మొత్తానికి సగం కలుపు. ఆ డబ్బు అప్పు లేకుండా నీ దగ్గర ఉంటేనే మొదలుపెట్టు. బండి లేని వారాల్లో ఆఫీసుకు ఎలా వెళతావో కూడా ఆ కాగితం మీదే రాయి.

లెక్క కుదరలేదనుకో, చిన్నతనంగా భావించకు. ఉన్న డి15 ఇంజిన్‌కు కొత్త బెల్టు, సీళ్లు, ప్లగ్గులు వేసి, మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు వేయిస్తే ఆ తేలికపాటి బండి నీకు ఇంకా చాలా ఏళ్లు నమ్మకంగా సేవ చేస్తుంది. బండిని బాగా చూసుకోవడం అంటే అదీ ఒక పద్ధతే.

ఈ నెలాఖరులోగా మూడు కాగితాలు తయారుచేసి నాకు పంపు: సామాన్ల పట్టిక, ఖర్చు లెక్క, రిఫరీ నియమాల్లో నీ ఇంజిన్‌కు వర్తించేవి. వాటిని ఇద్దరం కూర్చుని ఒక్కో వరసా చూద్దాం. అన్నీ సరిపోతే ఇంటెగ్రా వెతకడానికి నేనూ వస్తాను. అక్కకు కూడా ఆ కాగితాలే చూపిస్తాను. నువ్వు ఎంత ఆలోచించి చేస్తున్నావో చూస్తే తన భయం తగ్గుతుంది.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకు భోంచెయ్యి.

ఇట్లు
నీ మామయ్య