పసిబిడ్డ నాలుక కింది పొర: వసతో విడిపోదు

బిడ్డకు మాటలు త్వరగా రావాలని నాలుకకు వస రాయడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. "ఎన్నిసార్లు రాసినా నాలుక తిరగడం లేదండీ" అంటూ తల్లులు మండపేటలో నా వద్దకు వస్తూంటారు. నేను మొదట బిడ్డ నాలుకను పైకెత్తి చూస్తాను.

నాలుక అడుగున సన్నని పొర అందరికీ ఉంటుంది. అది పొట్టిగా, బిగువుగా ఉంటే ఏడ్చినప్పుడు నాలుక పైకి లేవదు. కొన నొక్కు పడుతుంది. శిశువు చన్ను పట్టి జారవిడుస్తాడు. తల్లి చనుమొనలు పగులుతాయి. బిడ్డ బరువు పెరగదు. పెద్ద పిల్లలకు ల, ర, ళ వంటి అక్షరాలు తేటగా పలకకపోవచ్చు.

వసగానీ, లేపనంగానీ ఈ పొరను విడదీయలేవు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించరాదు. పొరను గోటితో త్రెంచడం మహాపచారం. సుశ్రుతుడు అష్టవిధ శస్త్రకర్మలను బోధించాడు. శస్త్రసాధ్యమైనదాన్ని శస్త్రవైద్యునికే అప్పగించాలి. పసికందుకు ఆ ఛేదనం కొద్ది క్షణాల పని; వెంటనే పాలివ్వవచ్చు.

పాలు చక్కగా తాగుతూంటే పొరను కదిలించనక్కరలేదు. పై పెదవి పొర పసితనంలో సహజమే.

తొలినాళ్ళలో మాటలే రాని ఒక బిడ్డకు నేనూ నెలల తరబడి వస ఇచ్చాను. చివరకు తెలిసింది, లోపం చెవిలో ఉందని. కనుక మాటలు రాకుంటే నాలుకను నిందించకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి.