సగటు చెప్పి మాట పోగొట్టుకున్నా: 50 మామిడికాయలతో తరగతుల లెక్క



పోయిన సీజన్‌లో నేను చేసిన తప్పుతో మొదలుపెడతా. మా బంగినపల్లి కాయలు 5 కిలోల బాక్సుల్లో నేరుగా ఇళ్లకు పంపుతున్నాం. ఒక క్రేట్ కాటా వేసి, కాయల సంఖ్యతో భాగిస్తే కాయకు సుమారు 300 గ్రాములు వచ్చింది. వాట్సాప్ గ్రూపులో "బాక్సుకు 16, 17 కాయలు" అని పెట్టేశా. చివర్లో మిగిలిన చిన్నకాయలన్నీ ఒక అక్క బాక్సులోకి వెళ్లాయి. మొత్తం 24 కాయలు. "తూకం సరిగ్గానే ఉంది తమ్ముడూ, నువ్వు చెప్పిన కాయ మాత్రం ఇది కాదు" అంది. ఈ ఏడాది ఆమె ఆర్డర్ పెట్టలేదు.

నేను వేసిన సగటు కరెక్టే. కాయకీ కాయకీ ఎంత తేడా ఉందో చూడలేదు, అక్కడ దెబ్బతిన్నా. అందుకే ఈసారి కోత మొదలవగానే 50 కాయలు తూచాను. కాటా వేసే పద్ధతి వీడియోలో ఉంది, లెక్క ఇక్కడ రాస్తున్నా.

1. కాయలు ఎలా తీసుకోవాలి?
తోట నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ, పైకొమ్మలూ కిందికొమ్మలూ కలిపి తీసుకోండి. కంటికి నచ్చిన కాయలే ఏరితే లెక్క మనల్నే మోసం చేస్తుంది. సొన కారిపోయాక తూచండి.

2. తరగతులు చేయడం
50 గ్రాములకు ఒక తరగతి పెట్టుకున్నా. సరిగ్గా 250 తూగిన కాయను 250–300లోనే వేయాలి, రెండు చోట్లా వేయకూడదు. ఒక్కో తరగతిలో పడిన కాయల సంఖ్యే పౌనఃపున్యం.

150–200 గ్రా: 4 కాయలు
200–250 గ్రా: 8
250–300 గ్రా: 11
300–350 గ్రా: 14
350–400 గ్రా: 9
400–450 గ్రా: 4

3. సగటు
ప్రతి తరగతికీ మధ్య విలువ తీసుకోండి: 175, 225, 275, 325, 375, 425. దాన్ని ఆ తరగతి కాయలతో గుణించి అన్నీ కూడితే 15,150 వస్తుంది. 50తో భాగిస్తే 303 గ్రాములు. మధ్య విలువలతో వేశాం కాబట్టి ఇది ఉజ్జాయింపు, మన పనికి సరిపోతుంది.

4. మధ్యగతం, బాహుళకం
కాయల్ని బరువు వరసలో పేరిస్తే సరిగ్గా నడిమికి వచ్చే బరువు మధ్యగతం. కింది నుంచి కూడుతూ రండి: 4, 12, 23, 37... సగం అంటే 25. అది 300–350 తరగతిలో పడింది. ఆ తరగతికి ముందు 23 కాయలు అయిపోయాయి, ఇంకా 2 కావాలి. కాబట్టి 300 + (2 ÷ 14) × 50 = సుమారు 307 గ్రాములు. ఎక్కువ కాయలున్న తరగతి కూడా 300–350. దాన్నే బాహుళక తరగతి అంటారు.

5. తేడా ఎంత?
ప్రతి మధ్య విలువలోంచి 303 తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేసి, కాయల సంఖ్యతో గుణించి కూడండి: 2,35,800. 50తో భాగిస్తే 4,716. దాని వర్గమూలం సుమారు 69 గ్రాములు. ఇదే ప్రామాణిక విచలనం. అంటే దాదాపు మూడింట రెండొంతుల కాయలు 234 నుంచి 372 గ్రాముల లోపు ఉన్నాయి. మిగతావి అంతకంటే చిన్నవో పెద్దవో. పోయినేడు నాకు తెలియాల్సిన అంకె ఇదే.

6. గ్రాఫ్
గళ్ల కాగితం చాలు. అడ్డగీత మీద బరువులు, నిలువుగీత మీద కాయల సంఖ్య. ఒక్కో తరగతికి ఒక దిమ్మె గీయండి. దిమ్మెల మధ్య ఖాళీ వదలొద్దు, ఎందుకంటే బరువు తెగకుండా సాగే కొలత. దీన్ని సోపాన చిత్రం అంటారు. దిమ్మెల తలల నడిమి చుక్కలు కలిపితే పౌనఃపున్య బహుభుజి. నా గ్రాఫ్‌లో నడుమ ఎత్తు, రెండు పక్కలా దిగుడు. రెండు శిఖరాలు కనబడితే తోటలో రెండు రకాల చెట్లున్నాయేమో, ఒక పక్క నీళ్లు అందడం లేదేమో చూడండి.

7. దీంతో ఏం చేశాను?
కాయల్ని మూడుగా విడగొట్టా.

250 లోపు: 12 కాయలు, సగటు 208 గ్రా. బాక్సుకు 24.
250–350: 25 కాయలు, సగటు 303 గ్రా. బాక్సుకు 16, 17.
350 పైన: 13 కాయలు, సగటు 390 గ్రా. బాక్సుకు 13.

ఒక మెలిక ఉంది. చిన్నకాయలు సంఖ్యలో 24 శాతం, తూకంలో 16.5 శాతమే. బాక్సులు నిండేది తూకంతో కదా! 100 కిలోలు కోస్తే చిన్నవి 3 బాక్సులు, నడిమివి 10, పెద్దవి 6 నిండి కొంచెం మిగులుతాయి. ఆ లెక్కతోనే ఆర్డర్లు తీసుకుంటున్నా. మూడింటికీ మూడు ధరలు, బాక్సు మీద కాయల సంఖ్య రాసి పంపుతున్నా.

జీవామృతం పారించిన చెట్లనూ, పారించని చెట్లనూ పోల్చేటప్పుడు కూడా సగటుతో ఆగిపోకండి. సగటు ఒకటే అయినా, విచలనం తక్కువున్న చోట కాయ సమంగా వచ్చినట్టు.

రేపు కోతకు వెళ్లేటప్పుడు కాటాతో పాటు ఒక నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి. ఆ అక్కకు ఈసారి నేనే ఫోన్ చేసి, కాయల సంఖ్య ముందే చెప్పి, ఒక బాక్సు పంపుతున్నా.