ఇంటికొకరితో ఆగరాదు

తాండ్ర పాపారాయుని పేరు విననివారు రాజాం ప్రాంతమున ఉండరు. 1757లో బొబ్బిలి కోట ముట్టడి జరిగినపుడు ఆయన రాజాంలో నుండెననియు, వార్త సకాలమున అందనందువలన కోట కూలిన పిమ్మటనే చేరగలిగెననియు పెద్దలు చెప్పుదురు. నేడు వార్త క్షణములో ఊరికి వచ్చుచున్నది. వచ్చిన వార్తను గ్రహించి, తన పనిని తానే చక్కబెట్టుకొనగలవారు ఇంటికెందరు అన్నదే మనము ఆలోచింపవలసిన విషయము.

ఒక ఉదాహరణము చూతము. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రమున 16,347 ఉపాధ్యాయ పదవుల భర్తీకి ప్రకటన వెలువడెను. దరఖాస్తులను అంతర్జాలము ద్వారా స్వీకరించిరి. పరీక్షను కంప్యూటరుపై నిర్వహించిరి. ఎంత చదివిన అభ్యర్థియైనను కంప్యూటరుపై చేయి తిరుగనిచో తడబడక తప్పదు. 2011 జనాభా లెక్కల ప్రకారము, రాజాం అప్పుడు చేరియుండిన శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 62 మంది మాత్రమే. అక్షరమే ఆలస్యముగా అందిన ఇండ్లకు ఈ క్రొత్త విద్య రెండవ గడప వంటిది.

ఈ గడప దాటించుటకే కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియానును చేపట్టెను. ఇంటికొకరు చొప్పున, 14 మొదలు 60 ఏండ్లలోపు వారికి, 20 గంటల ఉచిత శిక్షణ నిచ్చుట దాని పద్ధతి. ఆరు కోట్ల మందికి నేర్పవలెనని సంకల్పింపగా, 2024 మార్చి 31న అది ముగియునాటికి సుమారు 6 కోట్ల 39 లక్షల మంది శిక్షణ పొందిరి.

లక్ష్యము నెరవేరినది, కాని ఇంటిలో నేర్చినవాడు ఒక్కడే. అతడు కూలికో కొలువుకో విశాఖపట్నమునకో హైదరాబాదునకో పోయినచో, ఆ విద్యయు అతనితోనే తరలిపోవును. ఇంట మిగిలిన తల్లికి, చెల్లెలికి సెల్‌ఫోను మాత్రమే మిగులును. కావున నేర్చిన ప్రతివాడును ఇంటిలో మరియొకరికి నేర్పుట నేటి అవసరము.

ఏమి నేర్పవలెను? మొదట, తన పేరును, చిరునామాను తెలుగులో టైపు చేయుట. రెండవది, ప్రభుత్వ వెబ్‌సైటును గుర్తించుట. సాధారణముగా దాని చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' అని యుండును. మూడవది చదువు: 2017లో ప్రారంభమైన 'దీక్షా'లో బడిపిల్లలకు పాఠములు, అదే సంవత్సరము వచ్చిన 'స్వయం'లో కళాశాల స్థాయి పాఠములు ఉచితముగా లభించును. నాలుగవది ఉపాధి: 2023లో వెలసిన 'స్కిల్ ఇండియా డిజిటల్ హబ్'లో వృత్తి శిక్షణల వివరములు దొరకును. ఐదవది జాగ్రత్త: మనకు సొమ్ము వచ్చుటకు పిన్ నెంబరుతో పనిలేదు, అడిగినవాడు మోసగాడని తెలియవలెను. మోసపోయినచో జాగు చేయక 1930కి ఫోను చేయవలెను.

ఎట్లు నేర్పవలెను? నేర్పువారు ఫోను తమ చేతిలోనికి తీసికొని చకచక మీటలు నొక్కి చూపుట మేము పలు గ్రామములలో గమనించితిమి. దానివలన పని అగును గాని విద్య రాదు. ఫోను నేర్చువారి చేతిలోనే యుండవలెను. నేర్పువారు నోటితో మాత్రమే చెప్పవలెను. రోజుకు అరగంట చాలును. రాజాంలో 1997లో స్థాపితమైన జి.ఎం.ఆర్. ఇంజనీరింగు కళాశాల కలదు. అట్టి కళాశాలలలో చదువు మన పల్లెల యువతీయువకులు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, ఇరుగుపొరుగు స్త్రీలను నలుగురిని కూర్చుండబెట్టి నేర్పిన ఎంతయో మేలు.

పాఠము పూర్తియైనదో లేదో తెలిసికొనుటకు పరీక్ష సులభము. 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన 'మన మిత్ర' వాట్సాప్ సేవను తెరచి కావలసిన సేవను వెదకుట, బిడ్డ పాఠమును 'దీక్షా'లో కనుగొనుట, అనుమానపు ఫోనును మారుమాటాడక త్రుంచివేయుట — ఈ మూడును ఇంటి ఇల్లాలు ఒకరి సాయము లేక చేయగలిగిననాడు ఆ ఇల్లు గడప దాటినట్లే.