ఇంజను చల్లదనము మేలా?

నంగలి మీదుగా ముళబాగిలునకును పలమనేరునకును పోవు లారీల ఇంజను మితిమీరి వేడెక్కినచో చెడునని మీరెరుగుదురు. మితిమీరి చల్లగా నడచుటయు దోషమే. అప్పుడు డీసెలు పూర్తిగా మండక తెల్లని పొగ వచ్చును. మండని డీసెలు సిలిండరు గోడలపై నూనెపొరను కడిగివేయగా అవి త్వరగా అరుగును.

నీటి వేడిని కాపాడు ద్వారపాలకుడు థర్మోస్టాటు. ఇంజను వేడెక్కువరకు అది మూసికొనియుండి నీటిని రేడియేటరునకు పోనీయదు.

దోషమును కనుగొనుటకు మొదట ఉష్ణమాపకపు ముల్లు సరియైనదో కాదో చూడవలెను. పిదప చల్లారియున్న ఇంజనును నడిపి, ఫ్యానుకు దూరముగా చేయియుంచి, రేడియేటరు పైగొట్టమును తాకవలెను. అది మొదటినుండియే వెచ్చబడుచున్నచో థర్మోస్టాటు తెరచుకొని బిగిసినదని అనుమానింపవలెను. దానిని విప్పి నీటిలో చూడుడు: చల్లని నీటిలోనే తెరచియున్నచో మార్చవలెను, మంచిదైనచో 80 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున తెరచుకొనును.

కనుమ యెక్కునపుడు వేడెక్కునని కొందరు దానిని తీసివేయుదురు. ఆ చల్లదనమునకు వెల ఇంజను ఆయుష్షే.