తెరపై వెలుగు, కాగితముపై ఛాయ

క్రిందటి వార్షిక సంచికలో అచ్చయిన ఏడవ తరగతి ఛాయాచిత్రమును చూచి పెక్కుమంది తల్లులు నొచ్చుకొనిరి. వెనుక వరుసలోని పిల్లల ముఖములు మసిలో మునిగినట్లుండెను. ఆ చిత్రమును దిద్ది పంపినవాడను నేనే. నా కంప్యూటరు తెరపై ప్రతి ముఖము స్పష్టముగానే కనబడెను. తప్పు అచ్చువారిదని తొలుత తలంచితిని. ప్రింటును తెరప్రక్కన పెట్టి చూచినపుడు గాని దోషము నా తెరలోనిదని తెలియలేదు.

తెర తాను వెలుగును. కాగితము తనపై పడిన వెలుగునే తిరిగి యిచ్చును. తెర ప్రకాశమును చదరపు మీటరుకు ఇన్ని కాండెలాలని కొలుతురు. క్రొత్త తెరలు పెక్కు 250 మొదలు 350 వరకు వెలుగగలవు. 300 లక్సుల దీపకాంతిలో తెల్లకాగితము తిరిగి యిచ్చునది సుమారు 85 మాత్రమే. అనగా తెరపై తెలుపు కాగితపు తెలుపునకు మూడు నాలుగింతలు. అట్టి తెరను నమ్మి దిద్దువాడు, చిత్రమున వెలుగు చాలునని భ్రమపడి, చీకటి ముఖములను అట్లే విడిచిపెట్టును.

కావున ముందు తెరను దిద్దవలెను, పిమ్మట చిత్రమును. తెరను అరగంటసేపు వెలిగియుండనిండు. కిటికీ వెలుగు దానిపై పడరాదు. గది వెలుతురును బట్టి తనంత తాను హెచ్చుతగ్గులగు ఏర్పాటును, రాత్రివేళ తెరను పసుపుపచ్చగా మార్చు ఏర్పాటును ఆపివేయుడు. ప్రింటును ఏ దీపము క్రింద చూడనున్నారో ఆ దీపమునే వెలిగించి, తెర నిండ తెల్లని పుటను తెరచి, ప్రక్కనే తెల్లని ఫొటో కాగితమును నిలుపుడు. ఇక బ్రైట్‌నెస్‌ను తగ్గించుచు పోయి, రెండు తెలుపులును సమానముగా తోచినచోట ఆపుడు. తెర మసకబారినదని ఇంటిల్లిపాదియు ఆక్షేపింతురు. కొంతసేపటికి కన్ను అలవాటుపడును.

తరువాత తెల్లచొక్కా, నల్లని జుట్టు, నీడలోని ముఖము గల ఫొటో నొకదానిని స్టూడియోలో చిన్నదిగా ప్రింటు తీయించుడు. యంత్రముచే వెలుగును సవరింపవలదని వారికి ముందే చెప్పుడు. లేనిచో మనము పరీక్షించునది మన తెరను గాక వారి యంత్రమును. తెరకంటె ప్రింటు ఇంకను చీకటిగా తోచినచో తెరనే మరికొంత తగ్గింపుడు. చిత్రమును అప్పుడే ముట్టవలదు.

కొలరీమీటరను పరికరము కలదు. తెరకు ఆనించి ఉంచినచో, వరుసగా కనబడు రంగులను కొలిచి ఆ తెరకు తగిన సవరణపట్టికను తయారుచేయించును. దానికి సాధారణముగా 80 నుండి 120 కాండెలాల ప్రకాశము, 6500 కెల్విన్ తెలుపు, 2.2 గామా నిర్ణయింతురు. దేహచ్ఛాయ ఎరుపెక్కుటయో, పాలిపోవుటయో సరిచేయుటకు అది మేలు. ఏటికొకసారి ఫొటో పంపు ఇంటికి తెల్లకాగితమే చాలునని నా అభిప్రాయము.

ఎంత దిద్దినను రెండును ఒకటి కావు. సాధారణపు తెరపై తెలుపు నలుపుకంటె వెయ్యింతలు వెలుగును. మెరుపుగల మంచి ఫొటో కాగితముపై ఆ తేడా సుమారు 200 ఇంతలు, మెరుపులేని కాగితముపై మరింత తక్కువ. అందుచేత చెట్టునీడన నిలిచిన బిడ్డ ముఖమును తెరపై తృప్తికరముగా తోచినదానికంటె కొంచెము తేటపరుపవలెను. తాతముత్తాతల చిత్రములను స్కాను చేసినవారు మొదటి ప్రతిని ముట్టక, నకలుమీదనే ఈ పని చేయుదురు గాక.

క్రిందటి యేటి చిత్రమును ఈ విధముననే తిరిగి దిద్ది ప్రింటు తీయించితిని. వెనుక వరుసలో ఎడమనుండి మూడవ బాలిక నవ్వుచున్నదని ఇప్పుడు కాగితముపైనను తెలియుచున్నది. ఆ తరగతి పిల్లల తల్లిదండ్రులు పాఠశాల కార్యాలయమున తమ ప్రతిని తీసికొనవచ్చును.